ఫెలనాప్సిస్‌కి ఏ మీడియా (కుండీలో మట్టి బదులు వేసేది), ఎప్పుడు నీళ్లు? ఒంగోలు, నెల్లూరు ఎండలకీ ముసుర్లకీ తగ్గట్టు చెప్పండి

ఒంగోలు_వరండా | సెప్టెంబరు 3, ఉదయం 7:40

నమస్తే అండీ. నాలుగంగుళాల పారదర్శక ప్లాస్టిక్ కుండీలో ఫెలనాప్సిస్ ఆర్కిడ్ ఒకటి ఉంది. పూలు రాలి మూడు వారాలైంది, పూల కాడ ఇంకా పచ్చగానే ఉంది. ఆకులు నాలుగు, కింది రెండూ మెత్తబడి ముడతలు పడ్డాయి. కుండీ నిండా స్పాగ్నమ్ మాస్ (ఎండబెట్టిన నాచు). పైన ఎండినట్టే ఉంది, వేలు లోపలికి పెడితే చల్లగా తగులుతోంది. వారానికి రెండుసార్లు నీళ్లు పడుతున్నాయి. బోరు నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల కొలత) 940, ఇంట్లో ఆర్‌వో నీళ్లది 60. తూర్పు వరండా, తొమ్మిదింటి దాకా గ్రిల్లు లోంచి ఎండ పడుతుంది.

కుండీ ఇప్పుడే మార్చాలా, వానలయ్యాకా? మాస్ ఉంచాలా, బెరడు వేయాలా, ఇటుకా బొగ్గూ వేయాలా? నీళ్లు ఎన్ని రోజులకొకసారి?

మిద్దెతోట_నెల్లూరు | సెప్టెంబరు 3, ఉదయం 8:25

ఎన్ని రోజులకొకసారి అన్నది ఆఖర్న తేలే లెక్కండీ. ముందు వేళ్లు చూడాలి.

ఆకు ముడత పడిందంటే ఆకుకి నీళ్లు అందట్లేదని మాత్రమే అర్థం. కుండీలో నీళ్లు లేక అందకపోవచ్చు. లేదా నీళ్లెక్కువై వేళ్లు కుళ్లి, తాగే నోరే లేకపోవచ్చు. రెండిటికీ ఆకు ఒకేలా కనిపిస్తుంది, అందుకే చాలామంది కుళ్లిన మొక్కకి ఇంకా నీళ్లు పోస్తారు. మీ కుండీలో లోపల చల్లగా ఉండి కూడా ఆకు వాడిందంటే రెండోదే అయ్యుంటుంది. ఇవాళ్టి నుంచి నీళ్లు ఆపండి.

ఇంకో సంగతి. పూలతో అమ్మకానికొచ్చే మొక్కల్లో చాలావాటికి, మొక్క చిన్నప్పుడు పెట్టిన మాస్ ముద్ద వేళ్ల నడుమ అట్లాగే ఉండిపోతుంది. కోడిగుడ్డంత ఉంటుంది, గట్టిగా కుక్కి ఉంటుంది, కొన్నిసార్లు చుట్టూ సన్నటి వల తొడుగు కూడా ఉంటుంది. చుట్టుపక్కల మీడియా ఎంత మంచిదైనా ఆ ముద్ద ఆరదు. మొదలు దగ్గరి వేళ్లు పోయేది అక్కడే. కుండీ బయట నుంచి చూస్తే గోడకి ఆనుకున్న వేళ్లు పచ్చగా బాగానే కనిపిస్తాయి, దాంతో మోసపోతాం.

కాబట్టి ఇప్పుడే మార్చండి. సెప్టెంబరు మొదటి సగం మన వైపు మంచి అదను. వేరు కదలడానికి చాలినంత వేడి ఉంది, ఈశాన్య రుతుపవనాలకి ఇంకా నెల పైన టైముంది. ఆగితే ఆ ముద్ద నవంబరు ముసుర్లో ఒక్కరోజు కూడా ఆరదు.

బొగ్గూపెంకూ_కావలి | సెప్టెంబరు 3, ఉదయం 9:10

మాస్ మొత్తం తీసి అవతల పడేయండి. మన కోస్తాకి ఇటుక ముక్కలు, బొగ్గు, అంతే. రెండూ కుళ్లవు, ఏళ్ల తరబడి ఉంటాయి, కొనడానికి ఎక్కడికీ పోనక్కర్లేదు.

అయితే ఏ ఇటుక పడితే ఆ ఇటుక వేయబాకండి. పాత గోడ పగలగొట్టిన ఇటుకకి సిమెంటు అంటి ఉంటది, సున్నం నీళ్లలోకి దిగుతుంది. చౌడు పట్టిన ఇటుకైతే ఇంకా చేటు. బాగా కాలిన ఎర్రటి కొత్త ఇటుక తీసుకొని, శనగ గింజకీ ఉసిరికాయకీ మధ్య సైజులో కొట్టి, జల్లెడ పట్టి, దుమ్ము పోయిందాకా కడగాలి. పరీక్ష ఎట్టా అంటే, గుప్పెడు ముక్కలు గ్లాసు ఆర్‌వో నీళ్లలో రాత్రంతా నానేసి పొద్దున్నే టీడీఎస్ మీటరు పెట్టండి. 60 ఉన్నది 90, 100 అయితే పర్లేదు. 300 దాటిందా, ఆ ఇటుక వద్దు.

బొగ్గంటే ఇస్త్రీ బండ్లకి అమ్మే సర్కారు తుమ్మ బొగ్గు. గట్టిగా ఉంటది, నీళ్లలో వేస్తే చిదిమిపోదు. గుండ్రంగా అచ్చుపోసిన బొగ్గు బిళ్లలు వేయబాకండి, వాటిల్లో జిగురు కలుపుతారు. వంటపొయ్యి బూడిద అంటిన బొగ్గూ వద్దు, బూడిద క్షారం.

గూడూరు_నీడవల | సెప్టెంబరు 3, ఉదయం 10:02

> మాస్ మొత్తం తీసి అవతల పడేయండి. మన కోస్తాకి ఇటుక ముక్కలు, బొగ్గు, అంతే.

ఇది పూర్తిగా ఒప్పుకోలేనండీ. ఇటుకా బొగ్గూ మాత్రమే వేసిన కుండీకి మే నెలలో రోజూ పొద్దున్నే నీళ్లు పడాలి, పడమటి గాలి తిరిగిన రోజు సాయంత్రానికల్లా వేళ్లు ఆరి వెండిరంగుకి తిరుగుతాయి. ఉద్యోగానికి పోయేవాళ్లకి, ఊళ్లకి తిరిగేవాళ్లకి అది కుదరదు. వాండా, డెండ్రోబియం లాంటి వేరే ఆర్కిడ్లకి సరిపోయే పద్ధతి అది. డెండ్రోబియంకి లావుపాటి కాండంలో నీళ్ల నిల్వ ఉంది. ఫెలనాప్సిస్‌కి అట్లాంటి కాండం లేదు, దాచుకునేది ఆకులోనూ వేరులోనే.

మాస్ చెడ్డది కాదు. మాస్‌ని కుక్కడం చెడ్డది. తడిపి, పిండి (గట్టిగా నొక్కితే చుక్క రాలకూడదు), దూదిలా విడదీసి వదులుగా పెడితే అందులో గాలి ఆడుతుంది. కుండీ నొక్కితే లోపలికి మెత్తగా పోయి మళ్లీ బయటికి రావాలి. నొక్కితే రాయిలా ఉందంటే కుక్కినట్టే.

మాస్‌తో వచ్చే అసలు చిక్కు ఉప్పు. తడిని పట్టినట్టే ఉప్పునీ పట్టేస్తుంది. 940 టీడీఎస్ నీళ్లు పోస్తే కొన్ని నెలల్లో పైన తెల్లటి పొర కడుతుంది. వాన నీళ్లో ఆర్‌వో నీళ్లో ఉన్నవాళ్లకే మాస్. ఏడాదికొకసారి మార్చి తీరాలి, నల్లబడి పుల్లటి వాసన వస్తే అంతకంటే ముందే.

మిద్దెతోట_నెల్లూరు | సెప్టెంబరు 3, మధ్యాహ్నం 1:15

ఇద్దరూ చెప్పింది నిజమే. తేడా ఎక్కడొస్తుందంటే మన జిల్లాల్లో మొక్కకి రెండు ఎదురెదురు కాలాలు. ఏప్రిల్ నుంచి జూన్ సగం దాకా ఎండ 40 దాటుతుంది, గాలి పొడి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం మీద వాయుగుండం, మూడు నాలుగు రోజులు సూర్యుడు కనిపించడు. ఒక్క మిశ్రమం రెండిటికీ సరిగ్గా సరిపోదు. ఏదో ఒక కాలానికి మిశ్రమం కట్టి, రెండో కాలాన్ని నీళ్లతో సర్దుకోవాలి.

నేననేది మిశ్రమం నవంబరుకి కట్టండి, మే నెలని నీళ్లతో చూసుకోండి. ఎండకి ఆరిన వేరు, పూర్తిగా చచ్చిపోనంతవరకు, నీళ్లు తగిలితే మళ్లీ తేరుకుంటుంది. కుళ్లిన వేరు తేరుకోదు. మేలో ఒక పూట ఎక్కువ పోయడం మన చేతిలో ఉంది. నవంబరులో కుండీలోంచి తడిని లాగేయడం మన చేతిలో లేదు.

ఆ లెక్కన నాలుగంగుళాల ప్లాస్టిక్ కుండీకి, వరండాలో ఉండే మొక్కకి: పైన్ బెరడు 5 పాళ్లు, బొగ్గు 2 పాళ్లు, కత్తిరించిన మాస్ 1 పాలు. బెరడు ముక్క ఒక సెంటీమీటరు నుంచి ఒకటిన్నర. అంతకంటే పెద్దదైతే నాలుగంగుళాల కుండీలో సందులే మిగులుతాయి. ఎండు బెరడు నీళ్లని తోసేస్తుంది, కాబట్టి 24 గంటలు నానబెట్టాకే వాడాలి. నానేసిన నీళ్లు టీ డికాక్షన్ రంగుకి వస్తాయి, పారబోసి ఇంకోసారి కడగండి. మన వేడికి బెరడు ఏడాదిన్నర, రెండేళ్లలో పొడి అవుతుంది. వేళ్లతో నలిపితే నలిగిందంటే మార్చే టైము వచ్చిందన్నమాట.

ఇంట్లో ఏసీ గదిలో ఉండే మొక్కకి మాస్ 2 పాళ్లు చేయొచ్చు. మట్టి కుండీ వాడేవాళ్లు కూడా అంతే, ఎందుకంటే మట్టి కుండీ పక్కల నుంచి ఆరుతుంది. మేలో ఆ ఆరడమే వేళ్లని చల్లగా ఉంచుతుంది, అది దాని మంచి గుణం. వేళ్లు మట్టికి అతుక్కుపోతాయి, మార్చేటప్పుడు కుండీ పగలగొట్టాల్సి వస్తుంది, అది ఇబ్బంది.

కందుకూరు_పచ్చాకు | సెప్టెంబరు 3, సాయంత్రం 6:30

పైన్ బెరడు మా ఊళ్లో దొరకదండీ, ఆన్‌లైన్లో తెప్పించాలి. కొబ్బరి డొక్కలు మాత్రం కావలసినన్ని. బెరడు బదులు కొబ్బరి పీచు ముక్కలు వేయొచ్చా?

బొగ్గూపెంకూ_కావలి | సెప్టెంబరు 3, రాత్రి 8:05

వేయొచ్చు, ఉప్పు తీసినాక. సముద్రం ఒడ్డు కొబ్బరి డొక్కలో సోడియం, పొటాషియం రెండూ ఎక్కువ. ఉప్పునీళ్లలో ఊరేసిన డొక్క అసలు ముట్టుకోబాకండి.

ఎండిన డొక్కని కత్తితో ఒకటిన్నర సెంటీమీటరు ముక్కలుగా కొట్టండి. పొడి, సన్న పీచు జల్లెడలో దింపేయండి, అది కుండీ అడుగున చేరి బురదవుతుంది. బకెట్టు నీళ్లలో 24 గంటలు నానేసి పారబోయండి. మూడుసార్లు ఇట్టా. ఆ తర్వాత పది లీటర్ల నీళ్లకి 40 గ్రాములు కాల్షియం నైట్రేట్ కలిపి, అందులో ఇంకో రోజు నానేయాలి. పీచు పట్టుకున్న సోడియాన్ని కాల్షియం బయటికి నెట్టి దాని చోట్లో కూర్చుంటది. ఉట్టి నీళ్లతో ఎన్నిసార్లు కడిగినా ఈ పని జరగదు. చివర్న మంచినీళ్లతో రెండుసార్లు కడిగి మీటరు చూడండి. కడిగిన నీళ్లకీ మామూలు నీళ్లకీ తేడా 100 లోపుంటే వాడుకోవచ్చు.

బెరడు కంటే ఇది తడి ఎక్కువ పడతది. కాబట్టి ముక్కలు 4 పాళ్లు, బొగ్గు 3, ఇటుక 1. మాస్ అస్సలు వద్దు.

గూడూరు_నీడవల | సెప్టెంబరు 3, రాత్రి 8:40

కొబ్బరి ముక్కలకి నావైపు నుంచి ఒక మాట. కోకోపీట్ ఇటుకలు కొని అదే అనుకొని వేయకండి. అది పొడి. ఫెలనాప్సిస్ వేరుకి అందులో ఊపిరి ఆడదు. మట్టీ వద్దు, వర్మీ కంపోస్టూ వద్దు.

కనిగిరి_కుండీ | సెప్టెంబరు 4, ఉదయం 6:50

అందరూ మీడియా గురించే మాట్లాడుతున్నారు, 940 నీళ్ల సంగతి పైపైన పోయింది. మా కనిగిరి వైపు బోర్ల గురించి తెలిసినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

ఫెలనాప్సిస్ చెట్టు కొమ్మ మీద వాన నీళ్లు తాగి బతికే మొక్క. వేరు చుట్టూ తెల్లటి స్పాంజిలాంటి పొర, వెలామెన్ అంటారు, నీళ్లు తగలగానే పీల్చేస్తుంది, నీళ్లతో పాటు ఉప్పునీ. నీళ్లు ఆరిపోతాయి, ఉప్పు అక్కడే ఉంటుంది, మర్నాడు ఇంకొంచెం చేరుతుంది. వేరు కొన చూడండి. మెరిసే ఆకుపచ్చగానో ఎర్రటి ఊదాగానో ఉండాల్సిన కొన గోధుమరంగుకి తిరిగి, నల్లబడి, అక్కడితో ఆగిపోతే అది ఉప్పు దెబ్బ. మొదలు దగ్గర కుళ్లి, కొన బాగుంటే అది తడి దెబ్బ. ఈ తేడా తెలిస్తే సగం రోగాలు కనిపెట్టేయొచ్చు.

ఎరువు కలపకముందు నీళ్లు 100 లోపుంటే మేలు, 200 దాకా సర్దుకోవచ్చు. మీ 60 ఆర్‌వో నీళ్లు చాలా బాగుంటాయి. ఆర్‌వో మిషను పక్క గొట్టంలోంచి పోయే నీళ్లు మాత్రం పోయకండి, వాటిల్లో బోరు కంటే ఎక్కువ ఉప్పు. క్యాన్ నీళ్లు కొనేవాళ్లు ప్రతి క్యానుకీ మీటరు పెట్టి చూసుకోవాలి.

ఆర్‌వో నీళ్లలో కాల్షియం ఉండదు కదా అని బోరు నీళ్లు కొంచెం కలిపేవాళ్లున్నారు. తొమ్మిది లీటర్ల 60 నీళ్లకి ఒక లీటరు 940 నీళ్లు కలిపితే 148 వస్తుంది, అంకె బాగానే ఉంది. కానీ ఆ 940లో ఏముందో చూడాలి. నీళ్లు కాచే గిన్నెకి తెల్లటి పెచ్చు గట్టిగా కడితే కాల్షియం ఉన్నట్టే, కలుపుకోవచ్చు. పెచ్చు కట్టకుండా నోటికి మాత్రం ఉప్పగా తగిలితే సోడియం, ఒక్క చెంబు కూడా వద్దు.

వాన నీళ్లు పట్టుకోవాలంటే అక్టోబరు, నవంబరే మన కాలం. మొదటి వానకి పావుగంట వదిలేయండి, మిద్దె కడుక్కుపోవాలి. డ్రమ్ముకి మూత, గుడ్డ కట్టాలి, లేకపోతే దోమలు. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో తుపాను గాలికి ఉప్పు తుంపర మిద్దెల మీదికి వస్తుంది, అట్లాంటి రోజు పట్టిన నీళ్లకి మీటరు పెట్టాకే వాడండి. ఏసీ లోంచి కారే నీళ్లూ పనికొస్తాయి, సర్వీసు చేయించిన వారం మాత్రం వదిలేయాలి.

ఒంగోలు_వరండా | సెప్టెంబరు 4, రాత్రి 9:20

కుండీలోంచి తీసి చూస్తే మిద్దెతోట గారు చెప్పినట్టే నడుమ గుడ్డంత మాస్ ముద్ద, వల తొడుగుతో సహా. మొదలు దగ్గర వేళ్లన్నీ గోధుమరంగు, పట్టుకుంటే తోలు జారిపోయి లోపల దారం మిగులుతోంది. గట్టిగా ఉన్న వేళ్లు అయిదు. బెరడు, బొగ్గు, మాస్ మూడూ చేతిలో ఉన్నాయి. ఇక్కడి నుంచి ఎట్టా చేయాలి?

మిద్దెతోట_నెల్లూరు | సెప్టెంబరు 4, రాత్రి 10:05

అయిదు వేళ్లంటే బాగానే బతుకుతుంది.

ముద్దని లాగకండి. పది నిమిషాలు ఆర్‌వో నీళ్లలో నానబెట్టి, వల కత్తిరించి, పుల్లతో కొద్దికొద్దిగా మాస్ తీయండి. వేరుకి అంటిన పోగులు ఉండిపోతే ఉండనివ్వండి, పీకితే వెలామెన్ చీలుతుంది. కత్తెరని స్టవ్ మంట మీద ఎర్రబడే దాకా కాల్చి చల్లార్చాకే వాడాలి. ఇంకో మొక్క ముట్టుకునేముందు మళ్లీ కాల్చాలి, ఆర్కిడ్ వైరసులు కత్తెర మీదే ప్రయాణం చేస్తాయి. నొక్కితే గట్టిగా ఉన్నది ఉంచండి, రంగు పసుపైనా సరే. చీకట్లో పెరిగిన వేరు అట్లాగే ఉంటుంది. నొక్కితే బోలుగా, మెత్తగా ఉన్నది కత్తిరించండి. కోసిన చోట దాల్చినచెక్క పొడి చిటికెడు అద్దండి. మిగతా వేరు మీద పడనివ్వకండి, అది తడిని లాగి బాగున్న వేరునీ ఎండబెడుతుంది.

కాడ మొదలు దాకా కోసేయండి. ఆరోగ్యంగా ఉన్న మొక్కకి కింది నుంచి రెండో మూడో కణుపు పైన కోస్తే పక్క కాడ వచ్చే వీలుంది. అయిదు వేళ్ల మొక్కకి ఆ ఆశ వద్దు.

ఇప్పుడు కుండీ. అయిదు వేళ్లకి నాలుగంగుళాలు ఎక్కువ, మూడంగుళాలది చాలు. ఆకుల వెడల్పు చూసి కుండీ ఎంచుకోవడం అందరూ చేసే పొరపాటు, వేళ్లని బట్టి ఎంచాలి. చిన్న పారదర్శక కుండీ దొరక్కపోతే జ్యూస్ గ్లాసుకి కాల్చిన మేకుతో అడుగున అయిదారు, పక్కల ఎనిమిది రంధ్రాలు పెట్టుకోండి. నాలుగంగుళాలదే వాడతానంటే అడుగున మధ్యలో చిల్లులు పెట్టిన చిన్న ప్లాస్టిక్ కప్పు బోర్లించి, దాని చుట్టూ వేళ్లు పరవండి. కుండీ నడిబొడ్డు ఎప్పుడూ ఆఖర్న ఆరుతుంది, ఆ చోటులో గాలే ఉంటే కుళ్లే పని లేదు.

మొదలు మీడియా మట్టానికి సరిగ్గా రావాలి. ఆకులు పుట్టే చోటు, మొవ్వు, ఎట్టి పరిస్థితిలోనూ కప్పబడకూడదు. ముక్కలు వేస్తూ కుండీ పక్కన తట్టండి, అవే సర్దుకుంటాయి. గాలిలో తిరిగే వేళ్లని లోపలికి వంచకండి, విరుగుతాయి. చివరగా మొక్క ఊగకూడదు. ఊగితే కొత్త వేరు కొన ముక్కలకి రాసుకుని చచ్చిపోతుంది. పుల్ల గుచ్చి కట్టేయండి.

మూడు రోజులు నీళ్లు వద్దు, కోసినచోట్లు ఆరాలి. పొద్దున పూట ఆకుల కింది వైపు మాత్రం సన్నగా తుంపర కొట్టండి. వారం రోజులు ఎండ తగలని వెలుతురులో ఉంచండి.

కందుకూరు_పచ్చాకు | సెప్టెంబరు 5, ఉదయం 7:15

పారదర్శక కుండీ తేలికగా ఉండి గాలికి దొర్లిపోతోంది. అడుగున చీమకుర్తి గ్రానైటు చిప్స్ వేస్తే బరువుకి సరిపోతుందా?

బొగ్గూపెంకూ_కావలి | సెప్టెంబరు 5, ఉదయం 7:50

కుండీ లోపల కాదు, బయట కుండీలో వేయండి. ప్లాస్టిక్ కుండీని కొంచెం పెద్ద పింగాణీదో మట్టిదో అయిన బయట కుండీలో దింపి, దాని అడుగున రెండంగుళాలు చిప్స్ పోస్తే ఆర్కిడ్ అడుగు నీళ్లకి తగలకుండా పైన నిలబడతది, బరువూ వస్తది. నల్ల గ్రానైటు ఎండలో కాలిపోతది, కాబట్టి నీడలోనే. బయట కుండీలో నీళ్లు చేరితే రోజూ వంపేయండి.

ఒంగోలు_వరండా | సెప్టెంబరు 9, ఉదయం 8:00

బెరడు 5, బొగ్గు 2, మాస్ 1, మూడంగుళాల కుండీ. ఇప్పుడు నీళ్ల సంగతి చెప్పండి.

మిద్దెతోట_నెల్లూరు | సెప్టెంబరు 9, ఉదయం 9:30

వంటింటి తూకం ఉంటే దానంత ఖచ్చితమైన పద్ధతి లేదు. నీళ్లు పోసి, పూర్తిగా కారాక కుండీని తూయండి. 250 గ్రాములు అనుకుందాం. తర్వాత రోజూ తూస్తూ, గోడకి ఆనిన వేళ్లన్నీ వెండిరంగుకి తిరిగి, లోపల గుచ్చిన వెదురు పుల్ల పొడిగా వచ్చిన రోజు ఎంతుందో రాసుకోండి. 190 అనుకుందాం. తేడా 60. ఇందులో మూడింట రెండొంతులు పోయాక, అంటే 210 దగ్గర, నీళ్లు పోయాలి. నాలుగైదుసార్లు తూసేసరికి చేతికే బరువు తెలిసిపోతుంది, ఇక తూకం అక్కర్లేదు. తూకం లేనివాళ్లకి వేళ్ల రంగు చాలు. తడిగా ఉంటే ఆకుపచ్చ, ఆరితే వెండి. పారదర్శక కుండీ అవసరం ఇక్కడే.

పోసే పద్ధతి: బకెట్టులో కుండీ అంచుకి వేలెడు కిందిదాకా నీళ్లు పెట్టి పది నిమిషాలు ఉంచి తీయాలి, నీళ్లు పూర్తిగా కారాలి. ఒక మొక్క ముంచిన నీళ్లలో ఇంకోటి ముంచకండి, రోగం అంటుకుంటుంది. ముంచే వీలు లేకపోతే అయిదు నిమిషాల తేడాతో మూడుసార్లు పైనుంచి పోయండి. గ్లాసెడు పోసి చేతులు దులుపుకుంటే బెరడు తడవదు, నీళ్లు సందుల్లోంచి జారిపోతాయి.

పొద్దున్నే పోయాలి. మొవ్వులో చుక్క పడితే టిష్యూ కాగితం మెలిపెట్టి అద్ది తీసేయండి. రాత్రంతా మొవ్వులో నిలిచిన నీళ్లు మన ఉక్కలో మొక్కని మొదలంటా తీసుకుపోతాయి. ఫెలనాప్సిస్‌కి మొవ్వు ఒక్కటే, అది పోతే ఆ కొస నుంచి ఇక ఆకు రాదు.

ఈ మిశ్రమానికి మన దగ్గర సుమారుగా: సెప్టెంబరులో నాలుగు రోజులకొకసారి. ముసురు పట్టాక ఏడు నుంచి పది రోజులు. డిసెంబరు, జనవరిలో ఆరేడు. ఫిబ్రవరి, మార్చిలో నాలుగైదు. ఏప్రిల్ నుంచి రోజు విడిచి రోజు, రోహిణి కార్తెలో ఒక్కోసారి రోజూ. జూలై, ఆగస్టులో మూడు. ఇవి అంచనాలే, ఆ రోజు వేరు రంగు ఏం చెబితే అదే ఆఖరి మాట.

మేలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాలతాయి. నీళ్లు రాత్రే బిందెలో పట్టి నీడలో ఉంచండి. ఐసు నీళ్లు, ఫ్రిజ్ నీళ్లు కూడా వద్దు. ఆ రోజుల్లో మొక్కని వరండా లోంచి తీసి, ఫ్యాను తిరిగే గదిలో కిటికీకి నాలుగడుగుల దూరంలో పెట్టడం మేలు.

గూడూరు_నీడవల | సెప్టెంబరు 9, ఉదయం 11:10

ఎరువు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి.

కొత్త వేరు కొన కనిపించాకే మొదలుపెట్టండి. ఎరువుల కొట్లో దొరికే 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉన్న ఎరువు) లీటరుకి అర గ్రాము, అంటే పది లీటర్లకి చదునుగా ఒక టీస్పూను. ఒక వారం అది. రెండో వారం కాల్షియం నైట్రేట్ లీటరుకి అర గ్రాము. మూడో వారం మళ్లీ 19-19-19, దానితో మెగ్నీషియం సల్ఫేట్ లీటరుకి పావు గ్రాము. నాలుగో వారం ఉట్టి నీళ్లు, కుండీ పరిమాణానికి నాలుగింతలు పోసి ఉప్పు కడిగేయాలి. ఆర్‌వో నీళ్లు వాడేవాళ్లు కాల్షియం వారం మానకూడదు, కొత్త ఆకు కొన నల్లబడటం చాలాసార్లు అందుకే.

19-19-19నీ కాల్షియం నైట్రేట్‌నీ ఒకే డబ్బాలో చిక్కగా కలపకండి. పాలలా విరిగి తెల్లటి మడ్డి అడుగున పడుతుంది, ఆ భాస్వరం, కాల్షియం రెండూ మొక్కకి అందవు. ఎరువు ఎప్పుడూ తడిసిన వేరుకే. వెండిరంగులో ఉన్న వేరుకి ముందు ఉట్టి నీళ్లు, పావుగంట ఆగి ఎరువు నీళ్లు.

ఒంగోలు_వరండా | నవంబరు 12, ఉదయం 6:30

నాలుగు రోజులుగా ముసురు. కొత్త వేళ్లు మూడొచ్చాయి, కానీ రెండో ఆకు మీద రూపాయి బిళ్లంత మచ్చ. నీళ్లు నిలిచినట్టు మెత్తగా, గోధుమరంగు. నిన్న ఇందులో సగమే ఉంది.

గూడూరు_నీడవల | నవంబరు 12, ఉదయం 6:55

రోజులో రెట్టింపైందంటే బాక్టీరియా మచ్చ. ఆగకండి. కాల్చిన బ్లేడుతో మచ్చ అంచు నుంచి బాగున్న ఆకులోకి ఒకటిన్నర సెంటీమీటరు వదిలి కోసేయండి. మచ్చ ఆకు మొదలుకి దగ్గరగా ఉంటే ఆకు మొత్తం తీసేయండి, మొవ్వు దక్కాలి. కోసిన అంచుకి దాల్చినచెక్క. మిగతా ఆకుల మీద కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగుళ్ల మందు లీటరుకి 2 గ్రాములు, వాన లేని పూట. కోసిన ముక్క కుండీల దగ్గర వదలకండి.

మొక్కని లోపలికి తెచ్చి ఫ్యాను పెట్టండి, ఆకు ఊగీ ఊగనట్టు గాలి తగలాలి. వేళ్లు పచ్చగా ఉన్నంతసేపు, ఎన్ని రోజులైనా, నీళ్లు వద్దు. తుంపర కొట్టడం ముసురు అయ్యేదాకా పూర్తిగా ఆపేయండి.

బొగ్గూపెంకూ_కావలి | నవంబరు 12, ఉదయం 7:20

రాత్రిపూట కుండీల కింద టార్చి వేసి చూడండి. ముసుర్లో చిన్న నత్తలు పక్క రంధ్రాల్లోంచి దూరి వేరు కొనలు కొరికేస్తాయి. కొన కొరికిన వేరు ఇక పొడుగు పెరగదు. చేత్తో ఏరేయడమే.

ఒంగోలు_వరండా | జనవరి 6, ఉదయం 8:10

మచ్చ మళ్లీ రాలేదు. మూడో ఆకు చంకలోంచి పచ్చటి కొన ఒకటి బయటికొచ్చింది. కాడా, వేరా?

మిద్దెతోట_నెల్లూరు | జనవరి 6, ఉదయం 8:45

కొన గుండ్రంగా, నున్నగా మెరుస్తుంటే వేరు. చదునుగా, ఒక పక్కకి చిన్న పొలుసు తెరిచినట్టు, బొటనవేలున్న చేతి తొడుగులా ఉంటే కాడ. వారం ఆగండి. వేరైతే కిందికి తిరిగి వెండిరంగు పొర కప్పుకుంటుంది, కాడ వెలుతురు వైపు పైకి లేస్తుంది.

కాడ పుట్టడానికి దాదాపు నెలరోజులు 26 డిగ్రీల లోపు చల్లదనం కావాలి. ఈ రెండు నెలల రాత్రుల్లోనే మన వైపు ఆ వీలు. అందుకే ఇప్పుడు ఏ గదిలోనూ మూసిపెట్టకండి, వరండాలోనే ఉంచండి.

కాడైతే ఇవాళే కుండీకి వెలుతురు వైపు సుద్దముక్కతో గీత పెట్టండి. నీళ్లకి తీసిన ప్రతిసారీ ఆ గీత అదే వైపుకి పెట్టాలి, తిప్పితే కాడ మెలికలు పోతుంది. జానెడు పొడుగయ్యాక పుల్ల గుచ్చి, కణుపుకి కొంచెం కింద వదులుగా కట్టండి. మధ్యాహ్నం పూట కట్టండి. పొద్దున నీళ్లు తాగి బిగువుగా ఉన్న కాడ వంచితే పుటుక్కున విరుగుతుంది.